పూత మీద అమ్మాలా... పిందె మీదా?

“ఈ వయసులో నీకు ఆటలేమిటే అమ్మాయ్?” అన్నారు మా అత్తగారు, గోంగూర ఆకు దూస్తూ.

“ఆడుకోవడం కాదత్తయ్యా, తయారు చేస్తున్నా” అన్నాను.

“అయితే మరీ విడ్డూరం!” అని బుగ్గ నొక్కుకున్నారు.

ఆవిడ ఆశ్చర్యంలో తప్పేం లేదు. నాకే రెండేళ్ళ క్రితం ఎవరైనా ఈ మాట చెబితే నవ్వేసేదాన్ని. కంప్యూటర్ గేమ్ అంటే తుపాకులు, కార్లు, చెవుల్లో ఏవో పెట్టుకుని అన్నానికి పిలిచినా పలకని పిల్లాడు... నాకు తెలిసింది అంతే. చదివింది బి.ఏ. లెక్కలకు పదో తరగతిలోనే నమస్కారం పెట్టేశాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక, బాబు స్కూలు నుంచి వచ్చేలోగా దొరికే రెండు గంటల్లో కథలు రాసుకుంటూ ఉంటాను. అచ్చయినవి కొన్ని, తిరిగొచ్చినవి ఎక్కువ. ఇదిగో, ఆ రెండు గంటల్లోనే ఒక ఆట కూడా తయారైంది. పేరు ‘పూతబేరం’.

దీనికంతటికీ కారణం మా పిన్ని కూతురు. మా నూజివీడుకి 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది కదా, అందులో చదువుతోంది. ఒక ఆదివారం పెరుగావడల కోసం మా ఇంటికొచ్చి, నా కథ ఒకటి చదివి, “బాగుంది గానీ అక్కా, నీ కథ ఒక్క దారినే పోతుంది. నాలుగు దారులున్న కథ రాయకూడదూ?” అంది.

“నాలుగు దారులేమిటే?”

“చదివేవాళ్ళే ఎటు పోవాలో ఎంచుకుంటారన్నమాట. దాన్నే ఆటంటారు” అని, 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న మావాడి లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరో, ఇద్దరో, పదిమందో కలిసి సొంతంగా చేసుకునే ఆటల్ని ‘ఇండీ గేమ్స్’ అంటారట. ‘వెన్బా’ అని ఒకటి చూపించింది. టొరంటోలోని విసై గేమ్స్ అనే చిన్న సంస్థ 2023లో చేసిన ఆట. కెనడా వెళ్ళి స్థిరపడిన తమిళ కుటుంబంలో ఒక తల్లి కథ. ఆవిడ దగ్గర వాళ్ళమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. కాయితాలు చిరిగి, అక్షరాలు చెరిగి పోయి ఉంటాయి. పోయిన ముక్కల్ని మనం ఊహించి వంట పూర్తి చెయ్యాలి. నమ్ముతారా? ఆటలో మొదట చెయ్యాల్సింది ఇడ్లీలు! తుపాకీ లేదు, కారు లేదు. 2024లో ఆ ఆటకి బాఫ్తా అవార్డు కూడా వచ్చింది. ఇడ్లీ పాత్ర మీద ఆట కట్టొచ్చన్నమాట అని అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఆలోచిస్తే మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఆటలు కట్టనిదెప్పుడు? మా అమ్మమ్మ అరుగు మీద సుద్దతో పులీమేక గడులు గీసేది. అష్టాచెమ్మాకి గవ్వలు దొరక్కపోతే చింతగింజలు అరగదీసేది. వైకుంఠపాళి పటం చినిగితే అట్టమీద కొత్తది గీసి, తనకి గిట్టని పాముల్ని తీసేసి ఒకటో రెండో నిచ్చెనలు ఎక్కువ వేసేది. ఆటని మనకి కావలసినట్టు మార్చుకోవడం ఆవిడకి తెలిసిన విద్యే. ఇప్పుడు పలక మారింది, అంతే.

నేను మొదలుపెట్టింది ‘ట్వైన్’ అనే పరికరంతో. క్రిస్ క్లైమస్ అనే అమెరికా ఆయన 2009లో తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. తెరమీద ఖాళీ చీటీ వస్తుంది. అందులో నాలుగు వాక్యాలు రాస్తాం. ‘వ్యాపారికి సరే అను’ అన్న మాటకి అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే చాలు, ఆ పేరుతో కొత్త చీటీ పుట్టి, రెండిటికీ మధ్య బాణంగీత పడుతుంది. ఇలా చీటీలు పెరిగి పెరిగి తెరంతా పొట్లపాదులా అల్లుకుంటుంది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బాండర్‌స్నాచ్’ సినిమాలో ఎటు పోవాలో చూసేవాళ్ళే తేల్చేవారు. దాని రచయిత చార్లీ బ్రూకర్ కూడా ఆ దారులన్నీ చిక్కుపడకుండా ఇదే ట్వైన్‌లో రాసుకున్నాడట. ఆయన వాడిన పీటమీదే నేనూ కూరగాయలు తరుగుతున్నానన్నమాట!

ఇక లెక్కలంటారా... డాలరు గుర్తు పెట్టి పక్కన ఒక పేరు రాస్తే అదొక డబ్బా. అందులో అంకె వేసుకోవచ్చు, తీసుకోవచ్చు. నేను రెండు డబ్బాలు పెట్టుకున్నాను. ఒకటి చేతిలో డబ్బు, రెండోది అప్పు. గాలివాన రావాలా వద్దా అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరే తేలుస్తుంది. ఈ మాత్రానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఇంటి పద్దు రాసే ఏ ఇల్లాలికైనా వచ్చేస్తుంది.

నాన్న తోట

కథాంశం కోసం వెతుక్కోలేదు. నూజివీడులో పుట్టినదానికి మామిడి తప్ప ఇంకేముంది!

ఆగిరిపల్లి రోడ్డులో మా నాన్నకి నాలుగెకరాల తోట ఉండేది. సగం బంగినపల్లి, మిగతావి చిన్నరసాలు, కలెక్టరు కాయ. మామిడి రైతుకి ప్రతి ఏడూ ఒకటే పరీక్ష. పుష్య, మాఘ మాసాల్లో చెట్లన్నీ పూతతో తెల్లబడగానే వ్యాపారి వస్తాడు. అప్పుడే తోట ఇచ్చేస్తే అడ్వాన్సు చేతిలో పడుతుంది, మందుల ఖర్చు అతనిది, బెంగ అతనిది. లాభమూ అతనిదే. ఆగితే పిందె కట్టాక ఇంకాస్త రేటు వస్తుంది. కానీ ఆలోగా మంచు పట్టొచ్చు, తేనెమంచు పురుగు రావొచ్చు, బూడిద తెగులు రావొచ్చు. వేల పువ్వుల్లో నిలిచేది ఏ ఒకటో రెండో కదా. అన్నిటికీ తెగించి కాయ ముదిరేదాకా ఆగి, సొంతంగా కోయించి, లారీకెత్తి నున్న మార్కెట్‌కి తీసుకెళ్ళడం మూడో దారి.

నాన్న 2007 నుంచి వరసగా పూత మీదే ఇచ్చేశారు. 2010లో తోటే అమ్మేశారు. ఇప్పుడక్కడ ఆయిల్‌పామ్ ఉంది. 2012లో నేను దాని మీద కథ రాశాను. అందులో రైతు పిరికివాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెగించి సొంతంగా మార్కెట్‌కి వెళ్ళి ఉంటే తోట నిలిచేది అన్న అర్థం వచ్చేలా ముగించాను. మంచి పేరే వచ్చింది. నాన్న పత్రిక చదివి, మడిచి, బల్లమీద పెట్టి పొలం వెళ్ళిపోయారు. మంచీ చెడూ ఒక్క మాటనలేదు. నేనూ అడగలేదు.

కథలో అయితే వెళ్ళని దారి గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకోవచ్చు. ఆటలో కుదరదు! ఎవరో ‘సొంతంగా కోయించు’ అని నొక్కుతారు. ఆ చీటీలో లారీ బాడుగ ఎంతో, కోత కూలి ఎంతో, కమీషన్ ఎంతో అంకెలు ఉండి తీరాలి. నాకు ఒక్కటీ తెలియదు. పన్నెండేళ్ళ క్రితం అంత ధీమాగా కథ ఎలా రాశానో అని అప్పుడు సిగ్గేసింది.

ఊరెళ్ళి నాన్ననే అడిగాను. ఆట అనే సరికి నవ్వారు. కానీ లోపలికెళ్ళి బీరువా అడుగు నుంచి పద్దుల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. 2006 పేజీలు తీశాను. కోత కూలి, వరిగడ్డి, లారీ బాడుగ, దింపుడు కూలి, కమీషన్, తరుగు... కింద గీతకొట్టి మిగిలిన మొత్తం. మందుల కొట్టు బాకీ కట్టాక ఆ మిగిలింది నా డిగ్రీ హాస్టల్ ఫీజుకి కూడా చాలదు.

అంటే నాన్న తెగించారు. నేను విజయవాడ హాస్టల్లో ఉండగా, నేను చెప్పిన దారినే వెళ్ళి, నష్టపోయి తిరిగొచ్చారు. మరుసటేడు నుంచే పూత మీద ఇవ్వడం మొదలుపెట్టారు.

“ఇది మాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?”

“చెప్పుకునే సంగతా అది?” అన్నారు. ఆ తరవాత మాత్రం రెండు గంటలసేపు, ఏ పురుగుకి ఎన్నిసార్లు మందు కొట్టాలో, బంగినపల్లి ఒక ఏడు విరగగాస్తే మరుసటేడు ఎలా ముఖం చాటేస్తుందో, వ్యాపారి గాలివాన సాకుతో మిగతా డబ్బు ఎలా తగ్గిస్తాడో అన్నీ చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను. మా ఇద్దరి మధ్య అంతసేపు మాటలు సాగడం నా పెళ్ళయ్యాక అదే మొదలు.

ఒత్తులు, చప్పుళ్ళు, ఒక తప్పు

మీలో ఎవరికైనా సరదా పుడితే పనికొస్తాయని నాకు తెలిసిన సంగతులు కొన్ని చెబుతాను.

మొట్టమొదటిది తెలుగు. బొమ్మలాటలు చేసే పరికరం ఒకటి దించుకుని ‘అమ్మాయి’ అని కొడితే ‘మ’కి మావత్తు కిందకి దిగకుండా పక్కన వచ్చి కూర్చుంది! రెండు రోజులు కుస్తీ పట్టాను. తప్పు నాది కాదని తరవాత తెలిసింది. మన ఒత్తుల్ని, గుణింతాల్ని సరిగా పేర్చే ఏర్పాటు చాలా పరికరాల్లో మొదట ఉండేది కాదట. ఉచితంగా దొరికే ‘గోడో’ అనే దాంట్లో 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో ఆ ఏర్పాటు వచ్చింది. ట్వైన్‌తో ఈ బాధ లేదు. అది తయారుచేసేది మామూలు వెబ్‌పేజీ కాబట్టి ఫోన్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందో ఆటలోనూ అలాగే కనిపిస్తుంది. అక్షరాలు అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రాయలవారి ఆస్థానమే ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర అన్నీ ఫాంట్ల పేర్లే. నేను ‘మండలి’ పెట్టుకున్నాను. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరు అది. మాది ఇప్పుడు ఏలూరు జిల్లా అయినా మొన్నటిదాకా కృష్ణా జిల్లానే, ఆయనదీ కృష్ణా జిల్లానే. ఆమాత్రం అభిమానం ఉండదూ?

చప్పుళ్ళకి ‘ఫ్రీసౌండ్’ ఉంది. బార్సిలోనాలోని ఒక యూనివర్సిటీ వాళ్ళు 2005లో మొదలుపెట్టారు. వాన, గాలి, కాకి అరుపు, తలుపు కిర్రుమనడం ఏదంటే అది దొరుకుతుంది. అయితే ప్రతిదాని కిందా షరతు రాసి ఉంటుంది. కొన్నిటిని ఊరికే వాడుకోవచ్చు, కొన్నిటికి చేసినవాళ్ళ పేరు వెయ్యాలి, కొన్నిటిని డబ్బు వచ్చే పనికి వాడకూడదు. చదవకుండా వాడకండి. సినిమా పాటలు అసలే వద్దు. నాకు కోయిల కూత మాత్రం మన కోయిలదే కావాలనిపించి, పెరట్లో ఫోన్ పెట్టి పట్టుకున్నాను. వెనకాల మా అత్తగారు పనిమనిషిని పిలవడం కూడా పడింది. ‘ఆడాసిటీ’ అనే మరో ఉచిత పరికరంతో ఆవిడ గొంతు కత్తిరించి కోయిలని ఉంచాను. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు.

బొమ్మలకి ‘పిస్కెల్’. ముగ్గు చుక్కలు వచ్చినవాళ్ళకి నేర్పనక్కర్లేదు. గడులు నింపుకుంటూ పోతే మామిడిపిందె వచ్చేస్తుంది.

ఇప్పుడు తప్పు సంగతి. బ్రౌజర్‌లో ట్వైన్ వాడితే మనం రాసింది ఆ బ్రౌజర్‌లోనే దాగి ఉంటుంది. మావాడు లాప్‌టాప్ నెమ్మదించిందని ఒక రోజు బ్రౌజర్ చరిత్రంతా తుడిచేశాడు. నలభై చీటీలు పోయాయి! వాణ్ణి తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను, రెండు రోజులు లాప్‌టాప్ మొహం చూడలేదు. దాచిన కాపీ తీసుకోమని మా చెల్లి ముందే చెప్పింది, నేనే వినలేదు. ఇప్పుడు రోజూ లేచేముందు ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి పోపుల డబ్బా పక్కన పెడతాను. నవ్వుకోండి గానీ, మీరూ అలాగే చెయ్యండి.

పూర్తయిన ఆటని ‘ఇచ్.ఐఓ’ అనేచోట పెట్టాను. 2013 నుంచి ఉంది. ఇండీ ఆటలు చేసేవాళ్ళకి సంతలాంటిది. వెల మనమే పెట్టుకోవచ్చు, ఉచితంగా ఇవ్వొచ్చు. లింకు పంపితే ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ఇంతకీ నాకైన ఖర్చు కరెంటు, ఫోను డేటా, కాస్త కళ్ళ నొప్పి. వచ్చిన డబ్బంటారా, సున్నా.

ఎవరు ఎలా ఆడారంటే...

ఆటలో మూడు కార్లు, అంటే మూడేళ్ళు. మావారు బ్యాంకులో అందరికీ లెక్కలు చెప్పే మనిషి, మూడేళ్ళూ సొంతంగా కోయించి రెండో ఏడే అప్పులో కూరుకుపోయారు. “నీ ఆటలో ఏదో తప్పుంది” అన్నారు. నాన్న పుస్తకం చూపించాను. మాట్లాడలేదు.

మా అత్తగారికి ఫోన్‌లో నేనే చదివి వినిపించాను. గాలివానకి సగం కాయ రాలిందనగానే, “రాలితే? ఏరుకోవద్దూ! ఊరగాయకి, ఒరుగులకి పనికిరావూ? మగాళ్ళు రాసినట్టు రాశావే!” అన్నారు. నిజమే సుమండీ! రాలిన కాయ ఏరేది, ముక్కలు కోసి ఎండబెట్టేది ఆడవాళ్ళే కదా. ఆ దారి నాకు తోచనే లేదు. ఆ రాత్రే ‘రాలిన కాయ ఏరు’ అని కొత్త చీటీ కలిపాను. దాంతో పెద్ద డబ్బేం రాదు. ఒక నెల వెచ్చాలు గడుస్తాయి. అంతకు మించి రాయడం అబద్ధమవుతుంది.

చివరికి నాన్న. పండక్కి మా ఇంటికొచ్చినప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కరే కూర్చుని ఆడారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పూత మీద ఒకసారి, పిందె మీద ఒకసారి, సొంతంగా రెండుసార్లు. ఒక్కదాంట్లో తోట నిలిచింది. మిగతా మూడింట్లో పోయింది. నేను వంటింట్లోంచి తొంగిచూస్తూనే ఉన్నాను.

“బానే ఉందమ్మా” అన్నారు ఫోన్ తిరిగిస్తూ. కాసేపాగి, “ఒకటి లేదు” అన్నారు.

“ఏది నాన్నా? మందుల లెక్కా?”

“అది సరిపోయింది. నష్టమొచ్చిన రాత్రి ఇంటికొస్తాడు చూడు... అక్కడ రెండే పెట్టావు. ‘పడుకో’, ‘మరుసటేడు గురించి ఆలోచించు’. ‘ఇంట్లో చెప్పు’ అని లేదు.”

ఆయన చెప్పులు వేసుకుని బజారుకి వెళ్ళారు. నేను లాప్‌టాప్ తెరిచి ఆ చీటీకి మూడో దారి పెట్టాను. అక్కడినుంచి బాణం గీత ఖాళీ చీటీ దగ్గరికి వెళ్ళి ఆగింది. అందులో భార్య ఏమంటుందో, హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన కూతురు ఏమంటుందో రాయాలి. నాలుగు వారాలైంది. మూడుసార్లు రాసి కొట్టేశాను.