మిషను కొనాలి – ముందు లెక్క చూడాలి

ఒక ఊళ్లో ఒక అమ్మాయి ఉంది. ఆమె పేరు లక్ష్మి అనుకుందాం. వయసు 22 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లయింది. భర్త తాపీ పనికి పోతాడు. లక్ష్మి పొలం పనికి పోతుంది. పని లేని రోజుల్లో జాకెట్లకు హెమ్మింగ్ చేస్తుంది, హుక్సులు కుడుతుంది.

లక్ష్మికి ఒక కోరిక ఉంది. సొంతంగా కుట్టు మిషను కొనుక్కోవాలి. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టాలి. తన సంపాదన తన చేతికి రావాలి.

మిషను ధర 12,000 రూపాయలు. అంత డబ్బు లక్ష్మి దగ్గర లేదు.

పట్నంలో దుకాణం వాడు ఇలా అన్నాడు: "2,000 కట్టమ్మా. మిషను ఈ రోజే తీసుకుపో. మిగతాది నెలకు 1,200 చొప్పున పది కిస్తీలు కట్టు. వడ్డీ నూటికి రెండు రూపాయలే."

లక్ష్మికి ఆశ పుట్టింది. భయమూ వేసింది.

లక్ష్మికి భయం ఎందుకు?

లక్ష్మి పెళ్లికి వాళ్ల నాన్న 40,000 అప్పు చేశాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200 వడ్డీ. ఆయన నెలనెలా వడ్డీ మాత్రమే కట్టగలిగాడు. రెండేళ్లలో కట్టిన వడ్డీ 28,800. అయినా అసలు తగ్గలేదు. 40,000 అలాగే ఉంది. చివరికి అమ్మ చెవి కమ్మలు కూడా అమ్మాల్సి వచ్చింది.

ఆ అప్పు పత్రం మీద నాన్న వేలిముద్ర వేశాడు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. చదవగలిగిన వాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

లక్ష్మి అత్తగారు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. లక్ష్మి ఆమెనే అడిగింది.

"అత్తయ్యా, కిస్తీల మీద మిషను తెచ్చుకోనా?"

"తెచ్చుకో, వద్దనను. కానీ ముందు మూడు సంగతులు చూడు అమ్మాయ్. మనకు నెలకు ఎంత మిగులుతుంది? మిషనుకు పని దొరుకుతుందా? అప్పు ఎక్కడ తీసుకుంటే తక్కువ పడుతుంది? ఈ మూడూ తేలాక కొందాం."

మొదటి సంగతి: ఎంత మిగులుతుంది?

అత్తా కోడళ్లు ఒక నోటు పుస్తకం తెచ్చారు. ఒక నెల రోజులు ప్రతి ఖర్చూ రాశారు. టీ తాగినా రాశారు. నెలాఖరుకు లెక్క ఇలా తేలింది.

వచ్చింది:
భర్త కూలి – 11,000
లక్ష్మి కూలి – 4,000
మొత్తం – 15,000

ఖర్చయింది:
బియ్యం, సరుకులు, కూరగాయలు – 5,500
పాలు, గ్యాసు – 2,000
కరెంటు, సెల్‌ఫోను – 900
మందులు, బస్సు ఛార్జీలు – 1,200
బట్టలు, పండగలు, చుట్టాలు – 1,500
సంఘంలో పొదుపు – 200
చిల్లర ఖర్చు – 2,700
మొత్తం – 14,000

మిగిలింది 1,000. ఇంతకు ముందు ఆ వెయ్యి ఎప్పుడూ కంటికి కనబడలేదు. ఎందుకంటే రాసుకోలేదు.

చిల్లర ఖర్చు చూసి లక్ష్మి భర్త నోరు తెరిచాడు. "ఇంత అయిందా? టీ, సిగరెట్టే కదా!" అన్నాడు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. కాగితం మీద అంకె ఉంది. అదే చెప్పింది. చిల్లర ఖర్చులో 500 తగ్గించుకుందామని ముగ్గురూ అనుకున్నారు. ఇప్పుడు మిగులు 1,500.

ఆ 1,500లో 1,000 మిషను కోసం. 500 ఆపద కోసం. జ్వరం వచ్చినా, పని దొరక్కపోయినా ఆ ఆపద డబ్బే ఆదుకుంటుంది. అది లేని ఇల్లే వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది.

ఇంకొక మాట. ఖర్చు చేయగా మిగిలింది దాచుకుందాం అంటే ఏమీ మిగలదు. కూలి చేతికి రాగానే ముందు దాచాలి. తర్వాతే ఖర్చు పెట్టాలి.

రెండో సంగతి: పని దొరుకుతుందా?

"నీకు కుట్టు వచ్చు. సరే. కుట్టించుకునేవాళ్లు ఉన్నారా? వాళ్లు డబ్బులు వెంటనే ఇస్తారా?" అని అత్త అడిగింది.

లక్ష్మి పక్క వీధిలో ఒక మిషను అద్దెకు తీసుకుంది. రెండు నెలలు కుట్టి చూసింది. అద్దె, దారం ఖర్చు పోగా నెలకు 1,500 దాకా మిగిలింది. పని ఉందని తేలింది. ఈ లోపల ఇంటి మిగులు నుంచి నెలకు 1,000 చొప్పున 2,000 కూడా జమయింది.

కొన్ని వస్తువులు డబ్బు తెచ్చిపెడతాయి. కుట్టు మిషను, పాడి గేదె, తోపుడు బండి అలాంటివి. పని ఖాయంగా ఉంటే వీటికి తక్కువ వడ్డీకి అప్పు చేయవచ్చు. వచ్చే ఆదాయమే అప్పు తీరుస్తుంది. కొన్ని వస్తువులు వాడుకోవడానికే. పెద్ద టీవీ, ఖరీదైన సెల్‌ఫోను అలాంటివి. వీటిని దాచుకుని కొనుక్కోవడం మేలు. నెలకు 1,000 దాస్తే ఏడాదికి 12,000. వడ్డీ ఒక్క పైసా కట్టక్కరలేదు.

మూడో సంగతి: అప్పు ఎక్కడ తీసుకోవాలి?

చేతిలో 2,000 ఉంది. ఇంకా 10,000 కావాలి. పది నెలల్లో తీర్చాలి. మూడు దారులున్నాయి.

మొదటి దారి, వడ్డీ వ్యాపారి. నూటికి మూడు రూపాయలు. 10,000కు నెలకు 300. పది నెలలకు 3,000. ఆ తర్వాత అసలు 10,000 ఒకేసారి కట్టాలి. మిషను మొత్తం 15,000 పడుతుంది.

రెండో దారి, దుకాణం కిస్తీ. నెలకు 1,200 చొప్పున పది నెలలు అంటే 12,000. ముందు కట్టిన 2,000 కలిపితే 14,000.

మూడో దారి, పొదుపు సంఘం. లక్ష్మి సంఘంలో నూటికి ఒక రూపాయి వడ్డీ. ప్రతి నెలా అసలులో 1,000 కడుతుంది. మిగిలిన బాకీకే వడ్డీ. మొదటి నెల వడ్డీ 100. రెండో నెల 90. మూడో నెల 80. అలా తగ్గుతూ చివరి నెల 10. అన్నీ కలిపితే 550. మిషను మొత్తం 12,550 పడుతుంది.

ఒకటే మిషను. కానీ దుకాణం కిస్తీకీ సంఘం అప్పుకీ తేడా 1,450 రూపాయలు. మీరే చెప్పండి, ఆ డబ్బు సంపాదించడానికి ఎన్ని రోజులు కూలికి పోవాలి?

కిస్తీలో దాగిన కిటుకు

"దుకాణం వాడు రెండు రూపాయల వడ్డీయే అన్నాడు కదా, అత్తయ్యా. 2,000 ఎలా అయింది?" అని లక్ష్మి అడిగింది.

ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. లక్ష్మి మొదటి నెల కిస్తీ కట్టగానే అసలులో 1,000 తీరిపోతుంది. బాకీ 9,000 అవుతుంది. తర్వాత 8,000 అవుతుంది. బాకీ తగ్గుతూ ఉంటే వడ్డీ కూడా తగ్గాలి. మొదటి నెల 200, తర్వాత 180, ఆ తర్వాత 160. అలా లెక్క వేస్తే పది నెలలకు మొత్తం వడ్డీ 1,100 రూపాయలే.

కానీ దుకాణం వాడు అలా వేయలేదు. చివరి నెలలో బాకీ 1,000 మాత్రమే ఉన్నా, 10,000కు వడ్డీ వేశాడు. ప్రతి నెలా 200 చొప్పున పది నెలలకు 2,000 తీసుకున్నాడు. రెండూ "రెండు రూపాయల వడ్డీ"యే. కానీ 900 రూపాయల తేడా.

అందుకే ఎవరిని అప్పు అడిగినా ఈ ఒక్క ప్రశ్న వేయాలి: "వడ్డీ మిగిలిన బాకీకా, మొదట తీసుకున్న మొత్తానికా?"

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బ్యాంకు వాళ్లు వడ్డీ ఏడాదికి చెబుతారు. ఊళ్లో నెలకు చెబుతారు. నూటికి నెలకు ఒక రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. మూడు రూపాయలు అంటే 36 శాతం.

సంఘం ఎలా పుట్టింది?

పొదుపు సంఘాలు ఎవరో దానంగా ఇచ్చినవి కావు. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని ఎదురు తిరిగారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. రోజుకో రూపాయి దాచుకుందాం అని ఆడవాళ్లు సంఘాలు కట్టారు. 1992లో నాబార్డు సంస్థ పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే పని మొదలుపెట్టింది. ఈ రోజు లక్ష్మి సంఘం అప్పు అడగగలుగుతోందంటే అది వాళ్ల పుణ్యమే.

సమయానికి కిస్తీ కట్టిన సంఘాలకు వడ్డీ రాయితీ పథకాలు కూడా ఉంటాయి. ఇప్పుడు ఎలా ఉందో మీ సంఘం నాయకురాలిని అడిగి తెలుసుకోండి.

కొనేటప్పుడు జాగ్రత్తలు

లక్ష్మి సంఘంలో అప్పు తీసుకుంది. అత్తతో కలిసి పట్నం పోయింది. మూడు దుకాణాల్లో ధర అడిగింది. మిషను అక్కడే తొక్కి చూసింది. బిల్లు తీసుకుంది. గ్యారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించింది. రెండూ పెట్టెలో భద్రంగా దాచింది.

మీరూ ఈ మాటలు గుర్తుంచుకోండి.

చదవకుండా సంతకం పెట్టవద్దు. తొందర పెడితే "చదువుకుని రేపు వస్తా" అని చెప్పండి. తెల్ల కాగితం మీద, ఖాళీ ప్రోనోటు మీద అసలే పెట్టవద్దు.

ఒక కిస్తీ ఆలస్యమైతే జరిమానా ఎంతో ముందే అడగండి. కట్టిన ప్రతి కిస్తీకి రసీదు తీసుకోండి.

బంగారం కొంటే హాల్‌మార్కు గుర్తు చూడండి. 22 క్యారెట్ల నగ మీద 916 అంకె ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిసిన ఆరింటి గుర్తు కూడా ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ గుర్తు లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదు.

వస్తువు చెడిపోయినా దుకాణం వాడు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. బిల్లు ఉంటేనే మన మాటకు బలం.

సెల్‌ఫోనులో క్షణంలో అప్పు ఇస్తామనే యాప్‌లను నమ్మవద్దు. ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్లమని చెప్పినా సరే.

మీ పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలో డబ్బు నిల్వ లేకపోయినా పరవాలేదు. నామినీ పేరు రాయించడం మరవవద్దు.

ఇప్పుడు లక్ష్మి ఇంట్లో మిషను చప్పుడు వినబడుతోంది. మిషను పక్కనే నోటు పుస్తకం ఉంది. మొదటి నెల అసలు 1,000, వడ్డీ 100 కట్టింది. రసీదు చదువుకుంది. బాకీ 9,000 అని తన చేత్తో రాసుకుంది.

మీరు చేయండి

ఒక సెల్‌ఫోను ధర 9,000 రూపాయలు. కిస్తీల మీద అయితే ముందు 1,500 కట్టాలి. తర్వాత నెలకు 900 చొప్పున పది నెలలు కట్టాలి.

1. కిస్తీల మీద కొంటే మొత్తం ఎంత పడుతుంది?
2. అసలు ధర కన్నా ఎంత ఎక్కువ?
3. నెలకు 900 చొప్పున దాచుకుంటే ఎన్ని నెలల్లో కొనవచ్చు?

(జవాబులు: 10,500 రూపాయలు. 1,500 రూపాయలు. పది నెలలు.)

ఈ లెక్క మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఈ నెల మీ ఇంటి ఖర్చు కూడా రాయండి. చిల్లర ఖర్చు ఎంత తేలిందో చూడండి.