చేను సేంద్రియం... మరి గిర్ని?

వరంగల్ జిల్లా నర్సంపేట పక్కన మందు కొట్టకుండా చపాటా మిర్చి పండించే రైతు సంఘం ఒకటి ఉందనుకుందాం. చేనుకు సర్టిఫికెట్ వచ్చింది. బ్రాండుకు పేరు పెట్టుకున్నారు, పౌచ్ మీద బొమ్మ కూడా ఖాయమైంది. ఇక కారం పట్టించి ప్యాక్ చేయించడమే మిగిలింది. సరిగ్గా అక్కడే పని ఆగిపోతుంది.

వరంగల్‌లో గిర్నీలకు కొదవ లేదు. ఎనుమాముల యార్డుకు ఎండుమిర్చి బస్తాలు పోటెత్తే ఊరు ఇది. ఒకరి సరుకు మరొకరు మరాడించి ఇవ్వడమూ ఇక్కడ కొత్త కాదు. సివిల్ సప్లైస్ వడ్లు తీసుకుని బియ్యం తిరిగి అప్పజెప్పే రైస్ మిల్లర్లు చేసేది అదే. కానీ పది క్వింటాళ్ల సేంద్రియ మిర్చి తీసుకెళ్లి ‘ఇది వేరుగా పట్టండి, వేరుగా రాయండి’ అంటే గిర్ని యజమాని మొహం మారిపోతుంది. పెద్ద సర్టిఫైడ్ యూనిట్లకేమో ఆ పది క్వింటాళ్లు ఒక పూట పనికి కూడా చాలవు.

చేను ఒక్కటే సేంద్రియమైతే ఎందుకు చాలదు? దీనికి జవాబు ఐరోపా నుంచి వచ్చింది. 2020లో మన దేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికింది. దాంతో అక్కడి దుకాణాల నుంచి సరుకు కుప్పలుగా వెనక్కి తీసుకున్నారు. సేంద్రియ ముద్ర ఉన్న ప్యాకెట్లు కూడా అందులో ఉన్నాయి. ఆ గ్యాస్ రైతు చేలో కొట్టే మందు కాదు. కోత అయ్యాక, సూక్ష్మజీవులను చంపడానికి వాడేది. రెండేళ్ల మార్పు కాలాన్ని ఓపిగ్గా గడిపి, పంట తగ్గినా తట్టుకున్న రైతు కష్టం, తన కంటికి కనిపించని చోట పోయింది. 2022 నుంచి మన దేశంలోని ఐదు ధ్రువీకరణ సంస్థలకు ఐరోపా యూనియన్ గుర్తింపు తీసేసింది. 2024లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన మసాలాలపై రేగిన గొడవకూ మూలం అదే గ్యాస్.

అందుకే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీవోపీ) పద్ధతిలో చేను, గోదాము, గిర్ని, ప్యాకింగ్ గది అన్నీ ఒకే గొలుసు. ఒక్క కొక్కెం ఊడినా మిగతాది చెల్లదు. దేశంలో అమ్మకానికైతే రైతులు ఒకరి చేనుకు ఒకరు హామీ ఉండే పీజీఎస్ దారీ ఉంది. ఎగుమతికి అది పనికిరాదు. ఆహార భద్రత సంస్థ 2017 నిబంధనలు ఈ రెండింటినీ ఒప్పుకుంటాయి. ఏడాదికి పన్నెండు లక్షల రూపాయల లోపు వ్యాపారంతో నేరుగా తినేవాళ్లకే అమ్ముకునే చిన్న రైతులకు మినహాయింపు కూడా ఇచ్చాయి. 2025లో చపాటాకు వచ్చిన భౌగోళిక గుర్తింపుకు (జీఐ) సేంద్రియ ధ్రువీకరణతో సంబంధం లేదు. అది ఊరు చెబుతుంది, సాగు చెప్పదు. జీఐనీ సేంద్రియాన్నీ ఒకటిగా చూడకూడదు.

ప్యాకర్‌ను ‘ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉందా’ అని అడిగితే ఉందనే అంటాడు. స్కోప్ సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని చదవాలి. అందులో గడువు తేదీ ఉంటుంది, ఉత్పత్తుల జాబితా ఉంటుంది. పసుపుకు తీసుకున్న కాగితం మిర్చికి చెల్లదు. ఆ తర్వాత ఆఫీసు గదిలో కూర్చోకుండా గిర్ని దగ్గరికి నడవాలి. మన సరుకు పొద్దున్నే మొదటి విడతలో పడుతుందా, లేక మామూలు మిర్చి తర్వాతా? జల్లెడ విప్పి కడుగుతారా? మొదట రాలిన కొన్ని కిలోల పొడిని పక్కన పెట్టి మామూలు కారంగా అమ్ముతారా? గోదాములో పురుగుకు సెల్ఫాస్ గుళికలు పెడతారా? ఎరువుల వాసన వచ్చే పాత సంచుల్లో పోస్తారా? కారానికి నూనె కలపడం చాలాచోట్ల అలవాటు. లేబుల్ మీద రాస్తే నూటికి రెండు పాళ్ల వరకు చట్టం ఒప్పుకుంటుంది. సేంద్రియ కారంలో మరి ఆ నూనె ఎక్కడిది? చివరగా రిజిస్టర్ చూడాలి. వెయ్యి కిలోల మిర్చి పోసి పదకొండు వందల కిలోల పొడి తీసినట్టు రాసి ఉంటే అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

ఇక్కడివాళ్లకు సేంద్రియ దారి కొత్తదేం కాదు. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లాలోని ఎనబావి, 2006 నాటికే ఊరు మొత్తంగా రసాయనాలు మానేసింది. యాభై పైచిలుకు కుటుంబాలు, దాదాపు 280 ఎకరాలు. వాళ్లకు అండగా నిలిచిన సుస్థిర వ్యవసాయ కేంద్రం తర్వాత ‘సహజ ఆహారం’ పేరుతో రైతుల సొంత మార్కెట్ వేదికను నిలబెట్టింది. పండించేవాళ్లే అమ్మకానికీ పూచీ పడాలన్నది ఆ దారి. హైదరాబాద్‌లో 2004లో మొదలైన సేంద్రియ ఆహార బ్రాండు ‘24 మంత్ర’ది మరో దారి. వేల మంది రైతుల పంటను ఒకే కంపెనీ గొలుసులోకి తెచ్చింది. 2025లో ఐటీసీ దాన్ని కొనేందుకు ఒప్పందం చేసుకుంది. చిన్న సంఘానికి ఈ రెండో దారి అందదు.

నా మట్టుకు నాకు, సర్టిఫైడ్ ప్యాకర్‌ను వెతకడం కన్నా తయారు చేసుకోవడం తేలిక అనిపిస్తుంది. సొంత యంత్రం కొనడం కాదు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ వస్తుందని కొని, సీజన్ అయ్యాక దానికి గుడ్డ కప్పి కూర్చోవడం దండగ. శుభ్రంగా పని చేసే ఒక చిన్న గిర్నీని ఎంచుకుని, వారంలో ఒక రోజు మాట్లాడుకుని, దాన్ని కూడా తనిఖీలో చేర్చమని ధ్రువీకరణ సంస్థను ముందే అడగాలి. రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. మిర్చితో పాటు పసుపు, ధనియాలు, కందులు పండించే సంఘాలు నాలుగు కలిస్తే గిర్ని యజమానికీ గిట్టుబాటవుతుంది.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. కిలోకు ఎంత, తరుగు ఎంత అన్నవి అందరూ రాసుకుంటారు. పరీక్షలో మందు అవశేషాలు తేలితే నష్టం ఎవరిదన్నది మాత్రం మొహమాటానికి వదిలేస్తారు. రైతు ఇచ్చిన మిర్చి నుంచి ఒక నమూనా, పట్టిన పొడి నుంచి ఒక నమూనా సీలు వేసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే, తప్పు చేలో జరిగిందో గిర్నిలో జరిగిందో ల్యాబ్ తేల్చి చెబుతుంది.