మతిమరపు మందులు – మెదడులో నోరడ్రినలిన్

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వార్ధక్యంలో సహజం. కన్నబిడ్డ పేరే స్ఫురించకపోవడం వ్యాధి లక్షణం. ఇందుకు ముఖ్య కారణమైన వ్యాధిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ వర్ణించాడు. ధీ, ధృతి, స్మృతి చెడితే మనిషి అహితాన్ని ఆచరిస్తాడని చరకుడు ఏనాడో హెచ్చరించాడు.

మెదడు కాండంలో ‘నీలిమచ్చ’ అనదగిన చిన్న కణసమూహం ఉన్నది. నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని మెదడంతటికీ పంపేది ముఖ్యంగా ఇదే. మెలకువ, ఏకాగ్రత, కొత్త విషయాన్ని మనసున నిలుపుకోవడం దీని చలవే. ఆల్జీమర్ వ్యాధిలో ఈ కణాలు తొలిదశలోనే దెబ్బతింటాయి.

నేడు వాడుతున్న డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ నేరుగా నోరడ్రినలిన్ మందులు కావు. ఎసిటైల్ కోలిన్ అనే మరో రసాయనం త్వరగా నశించకుండా అవి కాపాడతాయి. అది వృద్ధి చెంది నీలిమచ్చ కణాలను ప్రేరేపిస్తుంది. ఒక మడికి పెట్టిన నీరు పక్క మడిని తడిపినట్లు, ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో నోరడ్రినలిన్ కూడా పెరిగింది. మెమంటిన్ దారి వేరు; అది గ్లుటమేట్ ఉద్ధృతిని అదుపు చేస్తుంది.

మరి నోరడ్రినలిన్‌నే పెంచితే? అటమాక్సెటిన్ ఆ పని చేస్తుంది. 2022లో ‘బ్రెయిన్’ వైద్యపత్రికలో వెలువడిన చిన్న పరిశోధనలో, వెన్నుద్రవంలోని హానికరమైన టౌ ప్రోటీను దానివల్ల తగ్గింది. కాని ఆరు నెలలలో జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. పైగా ఈ రసాయనం అతిగా పెరిగితే ఆందోళన, నిద్రలేమి కలుగుతాయి. ఏదైనా మితమే హితం.

ఇంటివారు గమనించవలసినవి:

1. డోనెపెజిల్ వంటి మందులతో నాడి మందగించి సొమ్మసిల్లవచ్చు. వృద్ధులు పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉన్నది. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే నాడి చూపించండి.
2. రాత్రివేళ పీడకలలు వస్తే, మందును ఉదయం ఇవ్వవచ్చునేమో వైద్యుని అడగండి.
3. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు ఎసిటైల్ కోలిన్‌కు విరోధులు. అడగకుండా ఇవ్వరాదు.
4. మతిమరపు మందును హఠాత్తుగా మానిపించరాదు.
5. మండూకపర్ణిని, అంటే సరస్వతి ఆకును, చరకుడు మేధ్య రసాయనాలలో చేర్చాడు. అయినా అది ఈ మందులకు బదులు కాదు. వాడుతుంటే ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పండి.

నీలిమచ్చ నిద్రలో నెమ్మదిస్తుంది. కనుక వేళకు నిద్ర, ఉదయపు ఎండలో నడక, ఆప్యాయమైన పలకరింపు తప్పనిసరి. పోయిన కణాలను ఏ మందూ తిరిగి తేలేదు. మిగిలినవాటికి ఊతమివ్వడం మన చేతిలో ఉన్నది.