ఇంటి తాళపుచెవి యెవరి కొంగున నుండవలెను?



మన పెద్దల కాలమున అత్తగారు కోడలికి తాళపుచెవుల గుత్తి నప్పగించుట గొప్ప సంగతి. ఆ గుత్తి కొంగున ముడివడిన నాడే ఆమె యా యింటికి నిజమైన గృహిణి యని పదిమందియు నెంచెడివారు. నేడు తాళపుచెవులు సెల్‌ఫోనులోని బొమ్మలైనవి. బొమ్మను తాకినంతనే తలుపు తెరచుకొనుచున్నది. సంతోషమే. అయితే బొమ్మ మన చేతిలో నున్నను తాళపుచెవి నిజముగా నెవరి యొద్ద నున్నదో మనలో నెందరు విచారించితిమి?

ఈ ప్రశ్న మాకు మా మేనత్తగారి వలన కలిగినది. ఆమె గత వేసవిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నున్న తన కుమారుని యింటికి వెళ్ళిరి. అచ్చట కారు నిలుపు గ్యారేజి పెక్కిండ్లలో ఇంటి నంటియే యుండును. దాని పెద్ద తలుపును మోటారు పైకెత్తి దించుచుండును. ఇంటివారు వీధి వాకిలి కంటె నా తలుపు గుండనే యెక్కువగా రాకపోకలు సాగింతురు. ఒకనాటి మధ్యాహ్నము కొడుకును కోడలును ఉద్యోగములకు పోయిన వెనుక, అత్తగారు చెత్తడబ్బాను వీధి చివర నుంచుటకై బయటికి వచ్చి, ఫోనుతో తలుపు మూసిరి. తిరిగి వచ్చి మరల తాకగా తలుపు కదలలేదు. ఆ కొద్దిసేపటిలోనే పేటకంతకును ఇంటర్నెట్టు ఆగిపోయినదట! ఇంటిలోని వైఫై పనిచేయుచునే యున్నది. ఆమె చేతిలోని ఫోనునకును లోపలి మోటారునకును నడుమ పట్టున పది యడుగుల దూరమైనను లేదు. కాని యా పది యడుగుల మాట ఎచ్చటనో యున్న కంపెనీవారి సర్వరునకు పోయి, అచ్చట అనుమతి గైకొని, తిరిగి రావలసి యుండెను. దారి తెగినందున మాట పోలేదు. కోడలు వచ్చువరకు గంటన్నర సేపు ఆమె యా యెండలోనే యుండిరి.

“నా కొడుకింటి తలుపు తీయుటకు ఎక్కడివాడి సెలవో కావలెనా, అమ్మాయీ?” అని అత్తగారు మాతో ఫోనులో అనిరి. ఆ మాటను మేము మరువలేకపోతిమి. మా బావగారి నడిగియు, చదివియు తెలిసికొన్న సంగతులను, అమెరికాలో బిడ్డలున్న తల్లులకును, ఇచ్చట గేట్లకు మోటారులు పెట్టించుకొనువారికిని ఉపకరించునను తలంపుతో నిచట వ్రాయుచున్నాము.

ఇంటర్నెట్టు ఆగిపోవుట యొక్కటియే కష్టము కాదు. 2017వ సంవత్సరము ఏప్రిలులో గ్యారాజెట్ అను పరికరమును కొన్న యొకాయన దానిని నిందించుచు కటువుగా వ్రాయగా, తయారుచేసినవాడు కోపించి ఆయన పరికరమునకు తన సర్వరులో ప్రవేశము లేకుండ చేసెను. సొమ్మిచ్చి కొన్న వస్తువు ఒక్క పూటలో కొరగాకుండ పోయినది. 2023 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వమువారి సైబరు రక్షణ సంస్థ నెక్స్ అను వేరొక పరికరమును గూర్చి హెచ్చరిక చేసెను. ఆ కంపెనీ పరికరములన్నియు ఒకే రహస్యపు మాటతో సర్వరును చేరుచుండుట చేత, అది తెలిసిన పరాయివాడు ఎవరి గ్యారేజినైనను దూరము నుండియే తెరువగల స్థితి యేర్పడినది.

ఆ సంవత్సరపు చివరనే మరియొకటి జరిగెను. గ్యారేజి మోటారులకు అమెరికాలో మిక్కిలి పేరుపొందిన ఛాంబర్లెయిన్ కంపెనీవారు, తమ అనుమతి లేని ఇతరుల సాధనములతో తలుపు నడిపించుకొను మార్గమును మూసివేసిరి. హోమ్ అసిస్టెంట్ అను నుచిత సాధనమును వాడుకొనువారికి అదివరకు పనిచేయుచున్న యేర్పాటు నిలిచిపోయినది. 2023 డిసెంబరులో హోమ్ అసిస్టెంట్ వారు దానిని తమ సాధనము నుండి తొలగించిరి. కంపెనీవారి వాదమును గూడ చెప్పుట న్యాయము. అట్లు వాడువారు నూటికి 0.2 పాలు కంటె తక్కువయే యైనను, తమ సర్వరుల మీది భారములో సగమునకు మించినది వారి వలననే కలుగుచున్నదని కంపెనీవారు చెప్పిరి. సర్వరు వారిది, భారమును వారిదే. అందుచేతనే మేము చెప్పునది, వారి సర్వరుతో మన తలుపునకు పనియే లేకుండ చేసికొనుట మేలని.

అది సాధ్యమా? సాధ్యమే. గ్యారేజి గోడకు మీట యొకటి యుండును. పాత మోటారులలో ఆ మీట చేయుపని రెండు తీగలను ఒక్క క్షణము కలిపి విడుచుటయే. ఆ పనిని చేయగల చిన్న రిలే నొకదానిని ఆ తీగలకే తగిలించి ఇంటి వైఫైకి కలిపిన చాలును. బల్గేరియా దేశపు షెల్లీ కంపెనీవారి రిలేలు ఇట్టివి. ఇవి తమ కంపెనీ సర్వరు నడుగకయే ఇంటిలోపలి ఆజ్ఞలను పాలింపగలవు. మన యూళ్ళలో జారుడు గేట్లకు పెట్టు మోటారులలో పెక్కింటికి ఇట్టి మీటతీగలే యుండుట చేత, ఈ యుపాయము ఇచ్చటను చెల్లును.

అయితే ఛాంబర్లెయిన్ వారు 2011 నుండి తెచ్చిన సెక్యూరిటీ ప్లస్ 2.0 అను పద్ధతిలో గోడమీట ఒట్టి తీగలను కలుపదు. మోటారుతో సంకేతభాషలో మాటలాడును. మోటారు మీద పసుపుపచ్చని లెర్న్ మీట యున్నచో అది యీ జాతిదని గుర్తింపవచ్చును. దీనికి సామాన్యమైన రిలే చాలదు. ఈ చిక్కును తీర్చుటకే రాట్‌గ్డో అను చిన్న పలక పుట్టినది. అది మూడు తీగలతో మోటారునకు తగులుకొని, దాని భాషలోనే మాటలాడి, తలుపు తెరచియున్నదో మూసియున్నదో, దీపము వెలుగుచున్నదో, త్రోవలో అడ్డమేమైన నున్నదో కూడ తెలియజేయును. హోమ్ అసిస్టెంట్‌తో గాని, ఆపిల్ వారి హోమ్‌కిట్‌తో గాని కలిసి పనిచేయును. మా బావగారు తమ యింట పెట్టుకొన్నది ఇదియే. మోటారులలో క్రొత్త నమూనాలు వచ్చుచునే యుండును గనుక, కొనుటకు ముందు మన మోటారునకు సరిపడునో లేదో అడిగి తెలిసికొనవలెను.

రిలేను మాత్రమే పెట్టుకొనువారు ఒక సంగతి మరువరాదు. గోడమీట యొక్కటియే తెరచుటకును, మూయుటకును, ఆపుటకును. మీట నొక్కితిమని తెలియును గాని తలుపు మూసికొన్నదో లేదో రిలేకు తెలియదు. తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని యన్న సామెత యిచ్చట సరిగా సరిపోవును. కావున తలుపునకు అయస్కాంతమును, గోడకు దానిని గుర్తించు సెన్సరును పెట్టవలెను. ఓపెన్‌గ్యారేజ్ అను పరికరము వేరొక యుపాయము చేయును. అది పైకప్పున నుండి శబ్దతరంగములను క్రిందికి పంపి, దూరమును కొలిచి, తలుపు పైకి వచ్చినదో లేదో గ్రహించును.

ఇక తల్లులు ముఖ్యముగా నెరుగవలసినది. గ్యారేజి తలుపు మిక్కిలి బరువైనది. దాని క్రింద చిక్కి పసిబిడ్డలు ప్రాణములు కోల్పోవుటను చూచియే అమెరికా ప్రభుత్వము 1990లో చట్టము చేసినది. 1993 జనవరి 1 నుండి తయారైన ఇంటి గ్యారేజి మోటారులకు, తలుపు దేనినైన తాకినచో రెండు సెకండ్లలో వెనుకకు మరలు శక్తియు, దానికి తోడుగా త్రోవ నడ్డగించు కిరణపు కన్నుల వంటి మరియొక రక్షణయు నుండవలెను. ఆ కన్నులు నేల నుండి ఆరంగుళములు మించని యెత్తున నుండును. స్వంత యేర్పాటు చేసికొనువారు వీనిని తప్పించుటకు ఎన్నడును తలపెట్టరాదు. ఒకటిన్నర అంగుళము మందపు చెక్కను తలుపు క్రింద పడుకోబెట్టి, తలుపును దించి చూడుడు. తాకిన వెంటనే పైకి మరలవలెను. మరలనిచో బాగుచేయించువరకు మోటారును వాడరాదు. నెలకొకసారి యీ పరీక్ష చేయుట మంచిది.

మరియొకటి. తలుపును చూడని చోట నుండి మూయునపుడు, మూయుటకు ముందు కనీసము 5 సెకండ్లు దీపము మిణుకుమిణుకు మనుచు బీప్ ధ్వని రావలెనని అచ్చటి రక్షణ నిబంధన. కంపెనీ యాప్‌లో ఇది తనంత తానే జరుగును. ఒట్టి రిలేలో జరుగదు. మనమే యేర్పాటు చేసికొనవలెను. లేనిచో కంటికి కనబడునపుడు మాత్రమే మూయుట శ్రేయస్కరము.

తాళపుచెవి మన కొంగునకు వచ్చిన పిదప దానిని కాపాడు భారమును మనదే యగును. రహస్యపు మాట బలమైనదిగా నుండవలెను. పరికరపు సాఫ్టువేరును ఎప్పటికప్పుడు క్రొత్తది చేసికొనవలెను. ఊరి బయట నుండి తలుపు నడుపవలె ననుకొన్నచో, ఇంటి రూటరులో నేరుగా దారి తెరువక, వీపీఎన్ వంటి కాపుదల గల మార్గముననే రావలెను. కరెంటే పోయిన నాడు యాప్ సాధారణముగా పనికిరాదు. అప్పుడు లోపలివారు మోటారు నుండి వ్రేలాడు ఎర్రత్రాడును లాగి తలుపును చేతితో నెత్తవచ్చును. తలుపు తెరచియుండగా త్రాడు లాగినచో అది దబ్బున పడవచ్చును గనుక, మూసియున్నపుడే లాగవలెను. బయటివారికి వీధి వాకిలి తాళపుచెవి యొకటి నమ్మకమైన పొరుగింట నుండుట మేలు.

మీ యింటి పరికరము ఏ జాతిదో తెలిసికొనుటకు తేలికయైన పరీక్ష యొకటి మా బావగారు చెప్పిరి. రూటరును ఆర్పకుండ, బయటి నుండి వచ్చు ఇంటర్నెట్టు తీగను మాత్రము ఒక్క నిమిషము ఊడదీసి, ఇంటి వైఫై మీద నుండియే తలుపు నడుపుడు. కదలినచో తాళపుచెవి మీ యొద్దనే యున్నది. కదలనిచో అది వేరొకరి యొద్ద నున్నది. మీరు ప్రతి దినమును అడిగి తెచ్చుకొనుచున్నారు.

మా బావగారు పలకను బిగించిన దినముననే తీగ నూడదీసి, తల్లిని పిలిచి, ఫోను ఆమె చేతి కిచ్చిరి. ఆమె తాకగా తలుపు మెల్లమెల్లగా పైకి లేచినదట. “ఇప్పుడిది మన యిల్లు” అని ఆమె నవ్వుచు లోనికి నడచిరట. సోదరీమణులారా, సౌకర్యమును మనము కాదనవలసిన పని లేదు. గడప దాటుటకు మాత్రము పరుల సెలవు కావలసిన స్థితిని మన యింట రానీయకుందుము గాక!