గోలీకి లొంగని కణం

క్రానిక్ మైలాయిడ్ లుకేమియాను డాక్టర్లు పొట్టిగా సీఎంఎల్ అంటారు. మన దగ్గర ఈ రక్త క్యాన్సర్ ఎక్కువగా పనిచేసే వయసు వాళ్లను పట్టుకుంటుంది. అమెరికా, ఐరోపాల్లో ఇది బయటపడే సగటు వయసు అరవై దరిదాపుల్లో ఉంటే, భారత్‌లో 35–40 ఏళ్లే. అంటే సిరిసిల్లలో సాంచెలు నడిపే వయసు, కోరుట్ల నుంచి దుబాయ్ పోయే వయసు, జగిత్యాల చేన్లలో పసుపు తవ్వే వయసు. నీరసం, బరువు తగ్గడం, ఎడమ డొక్క కింద ప్లీహం వాచి బరువుగా ఉండడం దీని లక్షణాలు. అవేవీ లేకుండా, ఇంకెందుకో చేయించిన సీబీపీ అనే రక్త పరీక్షలో తెల్లకణాలు లక్ష దాటి కనిపించడంతో బయటపడేదీ ఉంది.

ఇమాటినిబ్ అనే గోలీ రాకముందు ఎముక మజ్జ మార్పిడి కుదరని వాళ్లకు మిగిలేది కొన్నేళ్లే. 2001 మేలో అమెరికా ఈ గోలీకి అనుమతి ఇచ్చాక లెక్క తిరగబడింది. ‘ఐరిస్’ అనే పెద్ద అధ్యయనంలో ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టిన వాళ్లలో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు దాదాపు 83 శాతం. క్యాన్సర్ల లోకంలో ఇది మామూలు సంఖ్య కాదు.

ఆ గోలీ మన పల్లెల దాకా రావడంలో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో నెలకొల్పిన నాట్కో ఫార్మా 2003లో ‘వీనాట్’ పేరుతో ఇమాటినిబ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇమాటినిబ్‌ను మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీ వారి గ్లీవెక్ నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉంటే, దేశీయ మందు పది వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికింది. నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును 2006 జనవరిలో చెన్నై పేటెంట్ కార్యాలయం తోసిపుచ్చింది. ఆ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తెలిసిన పదార్థానికే కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన సరిపోదనీ, పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) ప్రకారం వైద్య ఫలితం మెరుగుపడినట్టు చూపాలనీ కోర్టు 2013 ఏప్రిల్ 1న తేల్చింది. ధర గొడవ అలా చాలావరకు తీరింది. కానీ చవకైన గోలీ క్రమం తప్పకుండా మింగుతున్నా కొందరిలో తెల్లకణాలు మళ్లీ పెరుగుతాయి. ఎందుకో తెలియాలంటే కణంలోకి వెళ్లాలి.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో పొట్టి క్రోమోజోమ్ ఒకదాన్ని చూశారు. 9వ, 22వ క్రోమోజోమ్‌లు తమ ముక్కల్ని ఒకదానితో ఒకటి మార్చుకోవడం వల్ల అది పుట్టిందని 1973లో షికాగోలో జానెట్ రౌలీ చెప్పారు. ఈ మార్పిడిలో బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుని ఒకటవుతాయి. మామూలు ఏబీఎల్ ఓ ఎంజైము. ఏటీపీ అనే శక్తి అణువు నుంచి ఫాస్ఫేటు తీసి ఇతర ప్రోటీన్లకు తగిలిస్తుంది, కణానికి ‘విభజన చెందు’ అనే కబురు అలా చేరుతుంది. పోగు తెగితే సాంచె ఆగాలి. బీసీఆర్–ఏబీఎల్ మాత్రం ఆ ఆగే ఏర్పాటు ఊడిపోయిన సాంచె, పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది.

ఏటీపీ వచ్చి కూర్చునే గుంతలోకే ఇమాటినిబ్ దూరి, దానికి చోటు లేకుండా చేస్తుంది. ఆ గుంతలో 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దానితో హైడ్రోజన్ బంధం వేసుకునే మందు అక్కడ నిలదొక్కుకుంటుంది. జన్యువులో ఆ స్థానానికి ‘ఏసీటీ’ అనే మూడక్షరాలు రాసి ఉంటాయి. నడిమి ‘సీ’ కాస్తా ‘టీ’ అయితే థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తుంది. ఐసోల్యూసిన్‌తో ఆ బంధం కుదరదు, పైగా అది అడ్డంగా ఉబ్బి ఉంటుంది. మందుకు పట్టూ దొరకదు, చోటూ దొరకదు. ఏటీపీ మాత్రం ఎప్పట్లాగే వచ్చి కూర్చుంటుంది. రిపోర్టుల్లో దీన్ని టీ315ఐ అని రాస్తారు.

దీన్ని లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ సాయర్స్, మెర్సిడెస్ గోరె బృందం 2001లో బయటపెట్టింది. మందుకు లొంగకుండా పోయిన తొమ్మిది మందిలో ఆరుగురికి ఇదే మార్పు కనిపించింది. ముగ్గురిలో బీసీఆర్–ఏబీఎల్ జన్యువు నకళ్లు పెరిగిపోయాయి. మందుకు అనుమతి వచ్చిన ఏడాదే అది ఓడిపోయే తీరు కూడా తెలియడం విశేషమే.

గోలీ వేసుకోవడం వల్లే ఈ మార్పు పుడుతుందని భయపడేవాళ్లున్నారు. అలా కాదు. జబ్బు బయటపడే నాటికే ఒంట్లో క్యాన్సర్ కణాలు లక్ష కోట్ల దాకా ఉండొచ్చు. విభజన జరిగిన ప్రతిసారీ అక్షర దోషాలు దొర్లుతుంటాయి. ఎక్కడో ఓ కణంలో దొర్లిన దోషం దానికే ఉపయోగపడుతుంది. మందు మిగతావాటిని చంపేస్తే, అప్పటిదాకా లెక్కలోకి రాని ఆ కణానికి చోటంతా దొరుకుతుంది. డార్విన్ చెప్పిన ప్రకృతి ఎంపిక మన నెత్తుట్లో కొన్ని నెలల్లోనే జరిగిపోతుంది.

ఇలాంటి మార్పులు ఇప్పటికి వందకు పైగా తెలుసు. అన్నీ ఒకే రకంగా మొండివి కావు. వై253హెచ్, ఈ255కే, ఎఫ్359వీ కనిపిస్తే ఇమాటినిబ్ తర్వాత వచ్చిన మందుల్లో నిలోటినిబ్ సరిగా పనిచేయదు, డాసటినిబ్ వైపు వెళ్తారు. ఎఫ్317ఎల్, వీ299ఎల్ అయితే దానికి తారుమారు. అందుకే మందు మార్చేముందు మ్యుటేషన్ పరీక్ష చేయిస్తారు. మన ల్యాబుల్లో దానికి ‘ఇర్మా’ అని పేరు. ‘ఈ గోలీ పనిచేస్తలేదు, ఖరీదైంది రాయండి’ అని డాక్టర్‌ను తొందరపెట్టడం వల్ల డబ్బు, కాలం రెండూ పోవచ్చు. పరీక్షకు ముందు గోలీ మానేయడం కూడా తప్పే. మందు ఒత్తిడి లేకపోతే పాత కణాలు మళ్లీ పెరిగి, మారిన కణాలను రిపోర్టులో కనబడకుండా చేయగలవు.

అసలు ఇర్మా దాకా వెళ్లేముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: గోలీ రోజూ వేసుకున్నారా? లండన్‌లో 87 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో గోలీ సీసాల మూతల్లో చిప్ పెట్టి ఎప్పుడెప్పుడు తెరిచారో లెక్కగట్టారు. వేసుకోవాల్సిన గోలీల్లో 80 శాతం లేదా అంతకన్నా తక్కువ మింగిన వాళ్లలో ఒక్కరికీ జబ్బు జన్యు స్థాయిలో తగ్గలేదు. ఒంట్లో బాగైందని మానేసేవాళ్లు, గల్ఫ్‌కు పోయాక తెచ్చుకున్న గోలీలు అయిపోయి ఊరి నుంచి వచ్చేవాళ్ల కోసం చూసేవాళ్లు జన్యు మార్పు లేకుండానే ‘మందు పనిచేయని’ రోగులవుతారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మరో దొంగ. అది కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి, నెత్తుట్లో ఇమాటినిబ్‌ను దాదాపు నాలుగో వంతుకు దించుతుంది. బీడీల మీద, దుమ్ములో బతికే ఊళ్లలో క్షయ అరుదు కాదు, కాబట్టి ఈ సంగతి క్షయ డాక్టరుకూ, క్యాన్సర్ డాక్టరుకూ చెప్పాలి. మందును అరిగించే ఎంజైముల్లో పుట్టుకతో ఉండే తేడాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు సీఎంఎల్ రోగుల్లో సీవైపీ3ఏ5 జన్యువును ఈ కోణంలోనే పరిశీలించారు.

జబ్బు తగ్గుతున్నదీ లేనిదీ బీసీఆర్–ఏబీఎల్ శాతాన్ని కొలిచే పరీక్ష చెబుతుంది. అది మూడు నెలలకు 10 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. తెల్లకణాల సంఖ్య మామూలుగా ఉందని ఈ పరీక్ష ఎగ్గొట్టకూడదు, సీబీపీకి కనబడేది చాలా ఆలస్యంగా.

ఇక టీ315ఐ. దానికి ఇమాటినిబ్, డాసటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగూ పనికిరావు. 2012లో వచ్చిన పొనాటినిబ్ నడుమ కార్బన్ల మధ్య త్రిబంధం ఉంది. ఆ సన్నటి నడుముతో అది ఐసోల్యూసిన్‌కు తగలకుండా లోపలికి పోతుంది. కానీ రక్తనాళాలు మూసుకుపోయే ముప్పు బయటపడి 2013లో అమెరికాలో కొంతకాలం అమ్మకం ఆపేశారు, తర్వాత హెచ్చరికలతో మళ్లీ అనుమతించారు. 2021లో వచ్చిన అసిమినిబ్ అసలు ఆ గుంత జోలికే పోదు. ప్రోటీన్‌లో మరోచోటున్న గుంతలో కూర్చుని ఎంజైమును నిద్రపుచ్చుతుంది. టీ315ఐ ఉన్నవాళ్లకు దాన్ని మామూలు మోతాదుకు అయిదింతలు ఇవ్వాల్సి వస్తుంది. దానికీ లొంగని ఏ337వీ, పీ465ఎస్ లాంటి మార్పులు కనబడ్డాయి. అయితే ఆ కొత్త గుంత దగ్గర మారిన కణాలు చాలావరకు పాత గుంతలో దూరే మందులకు లొంగుతాయి. అందుకే రెండు గుంతలనూ ఒకేసారి మూసేలా రెండు మందులు కలిపి ఇచ్చే ప్రయోగాలు మొదలయ్యాయి.