విషద్రవ్యముల తొలగింపు పనికి మాజీ సైనికులు

శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి మాసమున ప్రారంభమైనది. నాటినుండి ఈ ప్రాంతమున గిడ్డంగులును, లారీల రాకపోకలును మిక్కుటమైనవి. ఇంధనములును, ఇతర రసాయన ద్రవ్యములును మన పొలముల ప్రక్క బాటలవెంటనే పోవుచున్నవి. అట్టిది దారిలో నొలికినను, సంఘపు గిడ్డంగిలో గడువు తీరిన పురుగుమందు నిలిచిపోయినను, దానిని తొలగించువారెవరు? దినకూలికి దొరికిన వానిని పిలిచి చీపురు చేతికిచ్చుట సులభమే. కాని అది వాని ప్రాణమునకును, మన నీటికిని ముప్పు.

ఒలికిన మందును నీళ్లతో కడిగినచో అది కాలువవెంట చెరువు చేరును. శంషాబాదు మండలములో పలు గ్రామముల వాననీరు, 1927లో పూర్తియైన హిమాయతుసాగరములోనికి పోవును. ఇక డబ్బాల మాట. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని యొక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. కావున ఈ పని తెలిసినవారే చేయవలెను.

ఇందులకు మాజీ సైనికులు తగినవారు. సిపాయి పెక్కుసార్లు నలుబదియేండ్లు నిండకమునుపే కొలువు విరమించి యిల్లు చేరును. సత్తువ యింకను తగ్గియుండదు. క్రమము తప్పక, చెప్పిన వరుసలో, తోడివానిని కనిపెట్టుచు పనిచేయుట అతనికి అలవాటు. సికిందరాబాదులోని ఆర్డినెన్సు దళ కేంద్రమున తర్ఫీదు పొందినవారిలో మందుగుండు నిలువలను కాపాడి, లెక్క వ్రాసి, చెడినవానిని వేరుపరచిన వారును గలరు. మాజీ సైనికులతో ఇట్టి పని చేయించుట క్రొత్తయు గాదు. 1982లో ప్రాదేశిక సైన్యమున వారితో నేర్పడిన పర్యావరణ దళము, సున్నపురాతి గనులచే పాడైన ముస్సోరీ కొండలను మరల పచ్చన చేసెను.

అయినను ధైర్యము వేరు, ఈ పనికి వలయు తెలివి వేరు. విషపు ఆవిరి శూరుని ఊపిరియని వెనుదీయదు. ముక్కునకు గట్టిన గుడ్డ దుమ్మును కొంత ఆపునుగాని ఆవిరిని ఆపజాలదు. దానికి తగిన మందుబిళ్లగల ముసుగు వేరుగా నుండవలెను. పెక్కు పురుగుమందులు చర్మముగుండ గూడ లోనికి బోవును. అమెరికాలో విషస్థలములను శుద్ధిచేయు సాధారణ పనివాడు మొదట 40 గంటల బోధనయు, పిమ్మట అనుభవజ్ఞుని కనుసన్నల 3 దినముల పనియు పూర్తిచేయవలెనని నియమము. సైన్యమునుండి వచ్చినంతమాత్రమున వానికి ఈ నియమము సడలింపబడదు.

కాబట్టి సంఘములు ఈ క్రింది విషయములను పాటింపవలెను. మాజీ సైనికుల కొఱకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును అడుగవచ్చును. తర్ఫీదు లేనిదే ఎవరిని దింపరాదు. రబ్బరు చేతితొడుగులు, బూట్లు, తగిన ముసుగు సంఘమే యీయవలెను. జీతమును, ప్రమాద భీమాను ముందుగా వ్రాతమూలకముగ నిర్ణయింపవలెను. ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులతో పనిచేయువారికి మొదలిడకమునుపే కొలినెస్టరేసు అను రక్తపరీక్ష చేయించినచో, పిదప విషమంటినది లేనిది పోల్చి తెలిసికొనవచ్చును. కంటిపాప సూదిమొనవలె చిన్నదైనను, చెమటయు చొంగయు కారినను వెంటనే పని మాన్పించి, మందు చీటితోసహా ఆసుపత్రికి చేర్పవలెను. ఒలికిన ద్రవమును పొడి ఇసుకతో కప్పి, ఎత్తి, మూతగల పీపాలో నుంచి పేరు వ్రాయవలెను. దానిని పొలమున పూడ్చక, దుండిగల్లులోనున్నట్టి ప్రమాదకర వ్యర్థముల శుద్ధికేంద్రమునకు అధికారుల అనుమతితో పంపవలెను.

ఖర్చగునని కొందఱందురు. నిజమే. అయితే సరిహద్దున తుపాకికి వెఱవక నిలిచి వచ్చిన మన ఊరి బిడ్డను, ముసుగు ఖరీదు మిగుల్చుకొనుటకై పురుగుమందుకు అప్పగించుట ధర్మము గాదు. తదుపరి సభలోగా ప్రతి సంఘమును తన గిడ్డంగిలో గడువు తీరిన మందెంత గలదో లెక్కించి తెలుపుట మొదటి మెట్టు.