నారుమడికి సున్నము: వేయదగిన నేల, వేయరాని నేల

నారు పసుపువారినంతనే నేలయందు పులుపు హెచ్చినదని తలచి, సున్నము చల్లు రైతులు మనలో కొందరు కలరు. సున్నము కొన్ని నేలలకు మేలు, కొన్నిటికి కీడు చేయును. నారు చెడిన అదనుతప్పి ఆ కారు పంటయే చెడును గనుక, మొదట నేలగుణము నెరుగవలెను.

నేలగుణమును ఉదజని సూచికచే కొలుతురు. 7 తటస్థము, అంతకు తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. ఒక్క అంకె తగ్గిన ఆమ్లత పదిరెట్లు హెచ్చును. టమాట, మిరప, వంగ నారులకు 6 మొదలు 7 వరకు అనుకూలము. 5.5 కంటె తగ్గినచో నేలలోని అల్యూమినియము కరగి లేతవేళ్లను చెరచును. భాస్వరము సరిగా నందదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున ఎర్రచెల్క, నల్లరేగడి రెండును కలవు. 1972లో పటాన్‌చెరున స్థాపితమైన ఇక్రిశాట్ క్షేత్రమునందును ఈ రెండు నేలలు గలవు. చెల్కలోని సున్నము వానలకు కొట్టుకొనిపోవును; ఏటేట అమ్మోనియము సల్ఫేటు, యూరియా వేయుచున్నచో ఆమ్లగుణము పెరుగును. రేగడి అట్లుగాదు. త్రవ్విన తెల్లని సున్నపు పలుకులు పలుచోట్ల కనబడును. అట్టి మట్టికి మరల సున్నము కలిపిన ఇనుము వేళ్లకందదు. లేతాకుల ఈనెలు పచ్చగా నిలిచి, నడిమి భాగము పసుపగును. అప్పుడు మరింత సున్నము చల్లుట పుండుపై కారము చల్లుటయే. అట్టి నారుపై లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారి చేయవలెను.

కర్మాగారముల వ్యర్థజలము చేరిన నేలల సంగతి వేరు. నక్కవాగు పరిసరముల పొలములకు కలిగిన నష్టమును గూర్చి 1990లో సుప్రీముకోర్టున వ్యాజ్యము నడచినది. అట్టి నీటిలోని లవణములను సున్నము తొలగింపజాలదు. నారుమడికి మంచినీరే పెట్టవలెను.

పరీక్షలో ఆమ్లమని తేలినచో చెప్పిన మోతాదునే వాడవలెను. 100 పాళ్ల సున్నపురాతి పొడి చేయు పనిని 74 పాళ్ల విరిసిన సున్నము చేయును. కావున ఒకదానికి బదులు వేరొకటి సరితూకముగా వేయరాదు. విత్తుటకు రెండు మూడు వారములు ముందుగా మట్టిలో సమముగా కలిపి తడుపవలెను. అమ్మోనియము ఎరువుతోగాని పచ్చిపేడతోగాని కలిపిన నత్రజని ఆవిరియై పోవును.

మడిలో నాలుగైదు చోట్ల జానెడు లోతు మట్టిని తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పరీక్షకు పంపుడని మా మనవి. ముందు పరీక్ష, పిదప సున్నము.